పదకొండు నెలల సీఈఓ

నేను సీఈఓ కుర్చీలో కూర్చున్నది పదకొండు నెలలు. ఆ కుర్చీ దాకా చేరడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. ఈ మాట చెప్తే జనం పదకొండు నెలల సంగతి వదిలేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళను మెచ్చుకుంటారు. పట్టుదల అంటే మీదే మేడం అంటారు.

ఈ మధ్య సంగారెడ్డి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు మాట్లాడమని పిలిచారు. చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, సీఈఓ గావాలంటే ఇప్పటిసంది ఏం జెయ్యాలె?"

చెప్పాను. ఒకే విభాగంలో పాతుకుపోకు. సరుకు తయారయ్యే చోట కొన్నేళ్ళయినా నిలబడి పనిచెయ్యి. కొనేవాళ్ళు ఎందుకు కోప్పడతారో తెలుసుకో. నీ పైవాళ్ళ పనిని వాళ్ళకంటే ముందే నేర్చుకో. అన్నీ నిజాలే. అమ్మాయి శ్రద్ధగా నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు. దారి సరిగ్గానే చెప్పాను. ఆ దారిలో నేను ఎవరిని తొక్కుకుంటూ వచ్చానో మాత్రం చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ల్యాబ్‌లో

మాది జోగిపేట వైపు ఊరు. వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి ఆడపిల్లను నేనే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. కంపెనీ పేరు రాయను. నా పేరు సుగుణ, అది చాలు.

నా మొదటి బాస్ శేషగిరిరావు గారు. తిట్టేవారు కాదు. మన రిజల్టు మీద అనుమానం వస్తే పక్కన నిలబడి, అదే పరీక్ష తన చేత్తో మళ్ళీ చేసేవారు. ఆ పావుగంటా మనకు చెమటలు పట్టేవి. ఒకసారి తేమ శాతం కొద్దిగా ఎక్కువ వస్తే, ఎలాగూ సరిహద్దులోనే ఉంది కదా అని నేను తగ్గించి రాశాను. ఆయన మళ్ళీ చేసి చూసి, నా రిజిస్టర్ మూసి, "అమ్మా, చూసింది రాయండి. రాయాలనుకున్నది చూడకండి" అన్నారు. ఆ మాట నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చి ఏం లాభమో తర్వాత చూస్తారు.

ఆయనే ఒకరోజు భోజనాల దగ్గర ఇంకో మాట కూడా చెప్పారు. "ఇక్కడ బాగా పనిచేస్తే ఏమవుతుందో తెలుసా? ఇక్కడే ఉంచేస్తారు." విదేశీ తనిఖీ బృందం వచ్చి వెళ్ళినప్పుడు నాకది అర్థమైంది. మూడు నెలలు రిజిస్టర్లతో కుస్తీ పట్టింది ఆయన. దండ పడింది ప్రొడక్షన్ హెడ్ మెడలో. శేషగిరిరావు గారు వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడనని నేను ఆ రోజే అనుకున్నాను. ఆయన మంచితనం కంటే ఆయన నిలబడ్డ చోటు నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. నా మొదటి తప్పు అదే అనుకుంటాను.

నర్సింలు

ప్రొడక్షన్‌కు మార్చమని అడిగితే అందరూ నవ్వారు. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళను రానివ్వకూడదని చట్టం. షిఫ్టులు చేయనివాళ్ళకు ప్లాంటు పని తెలియదని వాదన. పొద్దున ఆరింటికి వచ్చి సాయంత్రం ఏడింటిదాకా ఉంటానని, మగవాళ్ళు రెండు షిఫ్టుల్లో చూసేది నేను పగలే చూస్తానని రాసిచ్చాను. మా ఆయన బడి పంతులు. పిల్లలను ఆయనే సాకారు. ఏడాదికి గానీ నన్ను మార్చలేదు.

మార్చాక తెలిసింది, పుస్తకంలో చదివిన కెమిస్ట్రీకి రియాక్టర్ పక్కన విలువ లేదని. నాకు పని నేర్పింది నర్సింలు. ఫ్యాక్టరీకి దగ్గరి ఊరివాడు. తల్లిదండ్రులు కూలీలు. ఏడో తరగతి దాకా చదివి, హెల్పర్‌గా చేరి, ఆపరేటర్ అయ్యాడు. రియాక్టర్ అంటే రెండంతస్తుల ఎత్తున్న ఇనుప కుండ అనుకోండి. లోపల మందు ఉడుకుతుంది. కొన్ని మందులు వాటంతట అవే వేడెక్కుతాయి. అప్పుడు చుట్టూ చల్లటి ఉప్పునీళ్ళు తిప్పుతూ, రెండో రసాయనాన్ని కొద్దికొద్దిగా వదలాలి. నర్సింలు గోడకున్న మీటర్ చూసేవాడు కాదు. పైపు మీద చెయ్యి పెట్టేవాడు.

"అమ్మా, మీటర్ ఆలస్యంగ జెప్తది. పైప్ జల్దీ జెప్తది. చెయ్యి పెట్టి సూడు."

కలిపే మర చప్పుడు బరువెక్కితే లోపల గట్టిపడుతోందని, ఆవిరి గొట్టం దగ్గర వాసన మారితే వేడి ఎక్కువైందని ఆయనే చెప్పాడు. ఇంజనీర్లు మీటింగులో నన్ను అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు సగం ఆయనవే. ఆయన పేరు మాత్రం నేను ఏ మీటింగులోనూ చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

ఆపొద్దు

అప్పటికి నేను ప్రొడక్షన్ మేనేజర్‌ను. ఆ ఉప్పునీళ్ళను చల్లబరిచే కంప్రెసర్ వారం నుంచి సరిగ్గా పనిచేయడం లేదు. బాగుచేయాలంటే ఆ బ్లాకు మొత్తం ఆపాలి. ఆపితే ఒక పెద్ద ఆర్డరు తప్పిపోతుంది. ఆపమని నేను చైర్మన్ గారిని అడగలేదు. అడిగితే నన్ను చేతగానిదాన్ని అనుకుంటారని భయం. ఆ ఏడాదే ప్లాంట్ హెడ్ రిటైరవుతున్నాడు.

ఉదయం పదకొండు దాటింది. నర్సింలు రియాక్టర్ దగ్గర నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, వేడి దిగుతలేదు. పైప్ గోరువెచ్చగ తగుల్తున్నది. ఆపుదాం."

"ఎంత మిగిలింది?"

"సగం దాక ఉన్నది."

"జెర మెల్లగ వదులు నర్సింలూ. ఆపకు."

"మెల్లగనే వదుల్తున్న. గయినా దిగుతలేదు."

"ఇంకింత మెల్లగ వదులు. బ్యాచ్ ఆపొద్దు."

ఆయన "సరే అమ్మా" అన్నాడు. ఆ "సరే" ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇరవై నిమిషాల తర్వాత రియాక్టర్ మూత దగ్గర సీలు ఊడి, ఉడుకుతున్న మందు బయటికి చిమ్మింది. ఆయన వెనక్కి పరిగెత్తలేదు, వాల్వు కట్టేయడానికి ముందుకు వెళ్ళాడు. కట్టేశాడు. అందుకే ఆ బ్లాకులో ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఆయన కుడి చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా కాలిపోయింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నా వేళ్ళు తెరుచుకోలేదు.

రిపోర్టు

మూడో రోజు చైర్మన్ గారు పిలిచారు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచరు. టీ తెప్పించారు.

"సుగుణ గారూ, రిపోర్టు మీరే రాయండి. కంప్రెసర్ అని రాస్తే, చెడిపోయిన కంప్రెసర్‌తో ఎవరు నడపమన్నారు అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరి దగ్గర ఆగుతుందో ఆలోచించండి."

నేను కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"ఆపరేటర్ తొందరపడ్డాడు అంటే ఏ ప్రశ్నా రాదు. ఆసుపత్రి ఖర్చు ఎలాగూ ఆగదు. ప్లాంటు బాధ్యత వచ్చే నెల ఎవరికి ఇవ్వాలో కూడా నేను చూసుకోవాలి కదా."

బెదిరింపు, ఎర రెండూ ఒకే గుక్కలో అయిపోయాయి. నేను టీ పూర్తిగా తాగాను. అది కూడా గుర్తుంది.

రిపోర్టు బాగా రాశాను. "శిక్షణ పొందిన ఆపరేటర్, నిర్దేశించిన వేగాన్ని పాటించకుండా రసాయనాన్ని త్వరగా కలపడం వల్ల ప్రమాదం జరిగినది." నర్సింలు పావుగంటకోసారి తన వంకర అక్షరాలతో ఎంత కలిపిందీ, ఎంత వేడి ఉన్నదీ రాసిన కాగితం అప్పుడు నా దగ్గరే ఉంది. అందులో అన్నీ ఉన్నాయి. మెల్లగానే వదిలాడు. ఆ కాగితాన్ని రిపోర్టుకు జతచేయలేదు. చించి పారేయలేదు కూడా. జతచేయలేదు, అంతే. ఉద్యోగంలో పెద్ద తప్పులు ఇలాగే జరుగుతాయి. ఒక చెడ్డ పని చేశామని అనిపించదు. ఒక కాగితం పెట్టడం మర్చిపోయినట్టు ఉంటుంది.

రెండు వారాల్లో కొత్త కంప్రెసర్ వచ్చింది. తప్పు మనిషిదని రాసిన కంపెనీ, యంత్రాన్ని మార్చింది. ఎవరూ ఎందుకని అడగలేదు. మరుసటి నెల నేను ప్లాంట్ హెడ్ అయ్యాను.

నర్సింలుకు చార్జిషీట్ ఇచ్చి, రాజీనామా తీసుకుని, దయతలిచినట్టు కాంట్రాక్టర్ కింద గేటు దగ్గర తోటపనికి పెట్టారు. పన్నెండేళ్ళు నా కారు లోపలికి వచ్చేటప్పుడు ఆయన ఎడమ చేత్తో పైపు పట్టుకుని మొక్కలకు నీళ్ళు పట్టేవాడు. నన్ను చూసి పైపు కింద పెట్టి, అదే చేత్తో దండం పెట్టేవాడు. నేను తల ఊపేదాన్ని. కొన్నాళ్ళకు ఫోన్ చూసుకుంటూ రావడం అలవాటు చేసుకున్నాను.

పైకి

ఆ పన్నెండేళ్ళ గురించి ఎక్కువ రాయను. కొనుగోళ్ళు చూశాను, విదేశీ కొనుగోలుదారులతో ఇంగ్లీషులో పోట్లాడటం నేర్చాను, సుల్తాన్‌పూర్‌లో కొత్త యూనిట్ కట్టించాను. పని వచ్చు, అందులో అనుమానం లేదు. కానీ పని వచ్చినందుకే పైకి వచ్చానని అనుకునేవాళ్ళు పిచ్చివాళ్ళు. నాకంటే పని బాగా తెలిసినవాళ్ళు నలుగురు ఆ కంపెనీలోనే ఉన్నారు. ఫలానా మాట చెప్తే పైవాళ్ళు ఇబ్బంది పడతారని వాళ్ళకు తెలిసేది కాదు, చెప్పేసేవాళ్ళు. నాకు తెలిసేది. పెద్దవాళ్ళు దాన్నే పరిణతి అంటారు.

చైర్మన్ గారికి ఆరోగ్యం చెడ్డాక వాళ్ళబ్బాయి పెత్తనం తీసుకున్నాడు. చిన్నసారు అనేవాళ్ళం. చిన్నప్పుడు ఫ్యాక్టరీకి వస్తే నా టేబుల్ మీద కూర్చుని బిస్కెట్లు తినేవాడు. నన్ను ఆంటీ అని పిలుస్తాడు. పెట్టుబడి పెట్టే సంస్థ ఒకటి, కుటుంబం వాళ్ళు కాకుండా బయటి మనిషి సీఈఓగా ఉండాలని షరతు పెట్టింది.

"ఆంటీ, మీకంటే ఎవరున్నారు?" అన్నాడు.

డైరెక్టర్‌గా కూడా నా పేరు చేర్చారు. ఫ్యాక్టరీ చట్టంలో ఆక్యుపయర్ అని ఒకరు ఉండాలి. ప్రమాదం జరిగితే చట్టం ముందు మొదట జవాబు చెప్పాల్సిన మనిషి. అప్పటిదాకా అది చిన్నసారు పేరు. ఆ కాగితం మీద కూడా నా సంతకం తీసుకున్నారు. ఆ రోజు నాకు శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, "నీకు ఎవలినన్న కొలువుల పెట్టే అధికారమున్నదా? ఏమన్న కొనే అధికారమున్నదా?" అని అడిగారు. పంతులు కదా, సూటిగా అడుగుతారు. ఉందనే చెప్పాను. నెల తిరగకముందే తెలిసింది, లేదని. ఏ కాగితమైనా చిన్నసారు దగ్గరికి పోయి రావాల్సిందే.

అదే రిపోర్టు

సీఈఓగా నా పదో నెలలో ఒక రియాక్టర్ వేడి చూపించే మీటర్ తప్పు చూపిస్తోందని, మార్చమని మెయింటెనెన్స్ వాళ్ళు మూడుసార్లు అడిగారు. మూడో కాగితం నా టేబుల్ మీదికి వచ్చింది. నేను దాన్ని చిన్నసారుకు పంపి, ఊరుకున్నాను. వెళ్ళి అడగలేదు. ఒక శనివారం మధ్యాహ్నం ఆ రియాక్టర్ పొంగింది. ఒడిశా నుంచి వచ్చిన ప్రకాశ్ అనే ఆపరేటర్‌కు రెండు కాళ్ళూ కాలాయి. పటాన్‌చెరు ఆసుపత్రికి వెళ్ళి చూశాను. నలభై ఏళ్ళ మనిషి, నొప్పికి పళ్ళు బిగబట్టి, "బోలా థా మేడం, దో బార్ బోలా" అన్నాడు. చెప్పాను, రెండుసార్లు చెప్పాను అని.

మర్నాడు ప్రొడక్షన్ మేనేజర్ సందీప్ రిపోర్టు తెచ్చాడు. తెలివైనవాడు, కంపెనీలోకి నేనే తీసుకొచ్చాను. చదివాను. "శిక్షణ పొందిన ఆపరేటర్, నిర్దేశించిన వేగాన్ని పాటించకుండా..."

"ఇదెవరు రాసిండ్రు సందీప్?"

"నేనే మేడం. మీ పాత రిపోర్ట్ సూసి రాసిన. ట్రైనింగ్‌ల మోడల్ అని గదే ఇస్తరు కదా మేడం."

వాడి ముఖంలో గర్వం ఉంది. నేను మెచ్చుకుంటానని వచ్చాడు. పన్నెండేళ్ళుగా మేనేజర్లందరికీ నా అబద్ధాన్ని నమూనాగా ఇస్తున్నారని నాకు తెలియదు.

"ఆయన రెండుసార్లు చెప్పిండట గదా?"

"చెప్పిండు మేడం." తల దించాడు. "నడుపుమని నాకు పైకెల్లి ఫోనొచ్చింది."

ఆ రిపోర్టు పక్కన పెట్టి, నా చేత్తో ఇంకొకటి రాశాను. మీటర్ చెడిపోయిందని, మూడుసార్లు అడిగారని, మూడో కాగితం నా దగ్గరికి వచ్చిందని, నేను నడవనిచ్చానని, యాజమాన్యానికి పంపితే అనుమతి రాలేదని. ఆ చివరి వాక్యం దగ్గర చిన్నసారు పేరుతో సహా రాశాను. సంతకం చేసి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు పంపేముందు చిన్నసారుకు చూపించాను. అది నా ఆఖరి తెలివితక్కువ పని. నేరుగా పంపాల్సింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు, పైవాళ్ళకు చూపకుండా ఏ కాగితమూ బయటికి పంపలేను.

"ఆంటీ, మీరు ఎమోషనల్ అవుతున్నారు," అన్నాడు. "ఇది నాకు వదిలేయండి."

రెండు రోజుల తర్వాత నా రిపోర్టే వెళ్ళింది. అక్షరం మార్చలేదు. చివరి వాక్యం ఒక్కటే లేదు. ఆ వారంలోనే వ్యక్తిగత కారణాల వల్ల నేను రాజీనామా చేస్తున్నట్టు ఒక ఉత్తరం టైపు చేసి తెచ్చారు. సంతకం పెట్టకపోతే ఏం జరిగేదో నాకు తెలియదు. పెట్టాను. చివరి వాక్యంతో సహా నేను రాసిన రిపోర్టు నకలు నా దగ్గర ఉంటే కోర్టులో చూపించాను. దాన్ని నేను తర్వాత తయారుచేసుకున్నానని వాళ్ళ వకీలు అంటున్నాడు. ఇప్పుడు సంగారెడ్డి కోర్టులో మొదటి ముద్దాయిని నేను. సాక్ష్యం నేను రాసిన మాటలే. సందీప్ ప్లాంట్ హెడ్ అయ్యాడు. కోర్టు దగ్గర ఎదురుపడితే ఫోన్ చూసుకుంటాడు. వాడిని తప్పుపట్టలేను, అది కూడా నా దగ్గరే నేర్చుకున్నాడేమో.

కుర్చీ కోసం చేరే పిల్లలకు చెప్పేది ఒకటే. మీకు అధికారం ఇస్తున్నారా, నెత్తిన నింద పెట్టుకునే ఉద్యోగం ఇస్తున్నారా అనేది ముందే చూసుకోండి. రెండింటికీ ఒకే రకం శాలువా కప్పుతారు. ఇంకొక మాట. పైకి వెళ్ళాక మంచి చేస్తాను, ఇప్పటికి సర్దుకుంటాను అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. పైకి వెళ్ళేసరికి సర్దుకోవడం తప్ప నాకు వేరే పని రాలేదు.

నర్సింలు ఇంట్లో

కేసు మొదలైన కొన్నాళ్ళకు నర్సింలు ఇంటికి వెళ్ళాను. తోటపని కూడా మానేసి ఊళ్ళోనే ఉంటున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసి, "కూసో అమ్మా" అన్నాడు. ఆయన భార్య చాయ్ తెచ్చింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"నర్సింలూ, గా దినం నువ్వు ఆపుదామంటివి. నేనే వద్దన్న. రిపోర్టుల నీ మీద అబద్ధం రాసిన."

"నాకు ఎరికే గదమ్మా. ఫోన్ జేసింది నేనేనాయె."

"మరి ఇన్నేండ్లు ఒక్క మాట అనలేదేంది?"

"ఎవలకు జెప్పాలె? చెప్పాల్నంటే నీకే జెప్పాలె. నీకు ఎరికనేనాయె."

ఆయన భార్య గడప దగ్గర నిలబడి ఉంది. "ఊర్ల అందరు ఈయననే తప్పు జేసిండనుకున్నరు," అంది. "మా తమ్ముడు పనికోసం పోతే, ఫలానాయన బామ్మర్దివా అని రెండు కంపెనీలల్ల వాపస్ పంపిండ్రు." కోపంగా కూడా అనలేదు. జరిగింది చెప్పింది.

"అప్పుడు నిజం రాస్తే నన్ను ప్లాంట్ హెడ్ జేసేటోళ్ళు గాదు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అర్థం చేసుకుంటాడని ఆశ కావచ్చు.

నర్సింలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు గాకుంటే ఇంకొకలను జేసేటోళ్ళు. కుర్చీ ఖాళీగ ఉంటదా? నాకు ఇంకో చెయ్యి మాత్రం రాకపాయె."

నేను తెచ్చిన కాగితం సంచిలోంచి తీశాను. ఆ రోజు ఏం జరిగిందో, ఫోన్‌లో ఏమనుకున్నామో, రిపోర్టులో ఏం దాచానో అంతా తెలుగులో రాసి, సంతకం చేసి తెచ్చాను. ఆయన ఎడమ చేత్తో పట్టుకుని, వెలుతురుకు తిప్పి, పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు. చాలాసేపు పట్టింది. చదవడం అయ్యాక మొదటి నుంచి ఇంకోసారి చూశాడు.

"మంచిగ రాసినవమ్మా. అన్ని ఉన్నయ్. గిది ఇప్పుడు యాడ ఇయ్యాలె?"

కంపెనీ పాత ఫైళ్ళు ఉంచదు, నర్సింలు రాసిన ఆ కాగితమూ వాటితోనే పోయింది. ఆ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో రిటైరయ్యాడు. కోర్టులో నా మాటకు విలువ లేదు, అక్కడ నేను ముద్దాయిని. ఏ కాగితం ఎవరికి వెళ్ళాలో చెప్పడమే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం. ఈ కాగితం వెళ్ళే చోటు నాకు తెలియదు.

ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టి, ఒంటి చేత్తో జాగ్రత్తగా మడతలు పెట్టి, నాకే తిరిగి ఇచ్చాడు.

"నీ దగ్గరనే ఉండనియ్ అమ్మా," అన్నాడు.